ఎలుకపిల్ల యెచ్చట కాపురము పెట్టును?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులు సంఘ సమావేశములలో తరచుగా చెప్పెడి మాట యొకటి కలదు. "మందు పెట్టితిమి, ఎలుకలు చచ్చినవి, నెల తిరుగక మునుపే మరల కలుగులు తెరచుకొన్నవి" అని. అంగడివాడు నకిలీ మందు ఇచ్చెనని కొందరును, ఎలుకలు మందునకు అలవాటు పడినవని కొందరును, ఇది మన గ్రహచారమని మరికొందరును తలంచుచున్నారు. మందులో లోపముండుటయు ఒక్కొక్కప్పుడు కలదు. తిని బ్రతికిన ఎలుకలును కలవు. కాని చచ్చిన ఎలుకలు చచ్చినవే యైనను, వాని కలుగులలో వేరు ఎలుకలు వచ్చి చేరుట మిక్కిలి సాధారణము. అట్లు వచ్చునవి పెద్ద యెలుకలు కావు. పొరుగు చేని గట్టునుండియో, చెరువుకట్ట నుండియో, బీటి నుండియో బయలుదేరిన పడుచు ఎలుకలు. అవి యిప్పుడేల వచ్చినవి? అంతకుముందేల రాలేదు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఎలుకల సంఘజీవనములో నున్నది. కావున దానిని గూర్చి యీ నెల కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

ఎలుక యనిన నొక్కటే జాతి యని మనము మాటలాడుదుము గాని, మన పొలములలో నాలుగైదు జాతులు కలవు. చేని గట్లయందు క్రొత్తమన్ను కుప్పలు కుప్పలుగా త్రోసి, ద్వారమును మన్నుతో మూసికొని లోపల ధాన్యము దాచునది చిన్న పందికొక్కు. మెట్ట చేలయందును బీళ్లయందును రాత్రివేళ గంతులిడుచు పరుగెత్తునట్టిది, పొడవైన తోక కొనయందు నల్లని కుచ్చు గలట్టిది మరియొకటి. మెత్తని బొచ్చుగల బూడిదవన్నె యెలుక యింకొకటి. ఇక బొటనవ్రేలంత దేహముతో, తెల్లని పొట్టతో నుండు చిట్టెలుక సర్వత్ర కనబడును. వేరుశనగ విత్తిన వెంటనే విత్తనము త్రవ్వుకొని పోవుటకును, కాయ ముదిరిన తరువాత చెట్టు క్రిందనే కాయలు కొఱికి కలుగునకు చేర్చుటకును వీనిలో పందికొక్కు, కుచ్చుతోక యెలుక ముందుండును. చెరువుక్రింద వరిమడులలో పందికొక్కుదే రాజ్యము.

ఈ జంతువుల పేర్లలో మన భాష ప్రపంచమంతట తిరుగుచున్నదని పాఠకులలో ననేకులు ఎరుగరు. ఆంగ్లేయులు బాండికూటు అను మాట మన పందికొక్కు నుండియే పుట్టినది. మెత్తబొచ్చు ఎలుకకు శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను పేరు మిల్లార్డియా మెల్టాడా. ఇందులో మెల్టాడా యనునది 'మెత్తది' యను మన తెలుగు మాటయే. అక్షరము తారుమారై అచ్చుపడినది. ధారవాడ ప్రాంతమున కొలువు చేసిన వాల్టరు ఎలియటు అను దొర, చెరువులు త్రవ్వెడి వడ్డెరలను అడిగి యీ పేరును వ్రాసికొనెను. 1839లో మదరాసునుండి వెలువడిన పత్రికలో నతడు వ్రాసిన సంగతి మనకు నేటికిని పనికివచ్చును. ఈ ఎలుకలు జంటలుగానో, అయిదారు కలిసియో చేలలో కాపురముండునట. 1826కు ముందు వచ్చిన అనావృష్టి సంవత్సరములలో నవి విపరీతముగా పెరిగి, విత్తిన గింజను విత్తినట్లే తినివేసి, జొన్నకంకులను కొఱికి పడవేసి, రైతులు శిస్తు చెల్లింపలేని స్థితి తెచ్చినవట. రైతులు వడ్డెరలను పిలిచి, ఇన్ని డజనుల యెలుకలకు ఇన్ని గింజలని కొలిచి యిచ్చి వేలకొలది చంపించిరి. అయినను సంఖ్య తగ్గినట్లు కనబడలేదని ఎలియటు వ్రాసినాడు. వడ్డెరలు పనిలో లోపము చేసియుందురని మేము తలంపము. ఎలుకలను పట్టుటలో వారిని మించినవారు లేరు. లోపము వేరొకచోట నున్నది.

ఇప్పుడు ఒక ఎలుకపిల్ల కథ వినుడు. చిన్న పందికొక్కు మూడు వారములకు కొంచెము హెచ్చుగా గర్భము మోసి, సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది పిల్లలను కనును. అవి కన్నులు తెరవక, బొచ్చు లేక, ఎఱ్ఱని మాంసపు ముద్దలవలె నుండును. నెల నాళ్లకు పాలు మాని గింజ తినుట నేర్చును. అంతవరకు వాని ప్రపంచము తల్లి కలుగే. నెల దాటిన పిమ్మట అవి ద్వారమువద్దకు వచ్చి, తల్లి నడచిన త్రోవనే నడచి, కొద్ది గజముల దూరము పోయి భయపడి మరలివచ్చును. మూడు నెలలు వచ్చుసరికి తామును పిల్లలను కనుటకు సిద్ధమగును. ఈ నడిమి రెండు నెలలలోనే ప్రతి పిల్లయు ఒక నిర్ణయము చేసికొనవలసి యుండును: తల్లి కలుగు చెంతనే యుండుటయా, వెడలిపోవుటయా?

మనము సాధారణముగా నేమి యనుకొందుము? తిండి చాలకున్న పోవును, చాలిన నుండును అని. ఇది సగము మాత్రమే నిజము. క్షేత్రములలో ఎలుకలను ఉచ్చులతో పట్టి, గుర్తు వేసి విడిచి, మరల పట్టి చూచిన వారు కనుగొన్న దేమనగా, పిల్ల యెంత దూరము తిరుగును, ఎచ్చట నిలుచును అనుదానిని తిండితోపాటు దాని చుట్టునున్న తోడి యెలుకలును నిర్ణయించును. ఆడుపిల్లలు పెక్కుసార్లు తల్లి తిరుగు మేరకు ప్రక్కనే స్థలము సంపాదించుకొనును. తల్లి కొంత యోర్చును. మగపిల్లలు ఎదుగుచున్నకొలది పెద్ద మగయెలుక వానిని కరచి తరుమును. కావున ఎక్కువ దూరము పోవునవి పడుచు మగవి. మన యిండ్లలో కూతురు అత్తవారింటికి పోవును, కొడుకు తండ్రి యింట నుండును. ఎలుకలలో నిది తలక్రిందులు.

అయితే ఇల్లు విడిచిన పిల్లకు స్థలము దొరకవలెను గదా. ఇచ్చటనే పొరుగువారి ప్రసక్తి వచ్చుచున్నది. గట్టు పొడవున ప్రతి కలుగునను ఒక పెద్ద యెలుక కాపురముండినయెడల, అపరిచితమైన పిల్ల యెచ్చట తల దూర్చినను కాటు తప్పదు. అది మరల తల్లి చెంతకే వచ్చి, ఎదుగుదల లేక, కనక, అట్లే యణగి యుండును. లేదా గట్లకు దూరముగా బయట తిరుగుచు గుడ్లగూబ వాతనో పాము వాతనో పడును. చుట్టునున్న పెద్దలు కట్టిన యీ కనబడని కంచెను శాస్త్రజ్ఞులు సాంఘికమైన కంచె యని పిలుచుచున్నారు. ఈ కంచెకు ముండ్లు లేవు, రాళ్లు లేవు. పండ్లు మాత్రము కలవు.

దీనికి నిదర్శనములు పెక్కు దేశములనుండి దొరకుచున్నవి. అమెరికాలో బాల్టిమోరు అను నగరమున 1940 దశకమున ఎలుకలను శ్రద్ధగా పరిశీలించిరి. అచ్చటి ఎలుకలు తమ యిండ్ల వరుసను విడిచి వీధి దాటుట మిక్కిలి అరుదని తేలెను. కల్హూను అను శాస్త్రజ్ఞుడు వేరొకచోట పట్టిన ఎలుకలను తెచ్చి, అదివరకే ఎలుకలు నిండియున్న యిండ్ల వరుసలలో విడిచెను. సంఖ్య పెరుగునని మనము తలంతుము, పెరుగలేదు. వచ్చినవి నిలువజాలక పోయినవి, కొన్ని చచ్చినవి. 1947లో నతడే కాలెకరము నేలకు కంచె కట్టి, తిండికిని నీటికిని కొదువ లేకుండ చేసి ఎలుకలను పెంచెను. రెండేండ్లకు పైగా గడచినను, వేలకొలదిగా పెరుగవలసినవి సుమారు 150 పెద్ద యెలుకలవద్దనే నిలిచిపోయినవి. బలమైనవి మంచి తావులు పట్టుకొనెను. బలహీనమైనవి మూలలకు నెట్టబడెను. గుంపులలో పుట్టిన పిల్లలు బ్రతికి బట్టకట్టుట కష్టమయ్యెను. తిండి కొదువ కాదు, తోటివారి యొత్తిడి వానిని ఆపినది.

ఇంకొక పరిశోధన దీనికి రెండవ వైపు చూపుచున్నది. అమెరికాలోనే ఇండియానా రాష్ట్రమున క్రెబ్సు మొదలగువారు గడ్డిమైదానపు చిన్న యెలుకలను, అవి బయటకు పోవుటకు వీలు లేకుండ కంచెలో నుంచిరి. 1969లో వారు ప్రకటించిన ఫలితము వింతగా నున్నది. పడుచు ఎలుకలు వెడలిపోవుటకు దారి లేనందున కంచెలోని సంఖ్య బయటి కంటె మిక్కిలి పెరిగిపోయి, గడ్డినంతయు తినివేసి, ఆకలితో నశించినది. అనగా పిల్లలు వెడలిపోవుట యనునది ఆ సంఘములకు గాలిగవాక్షమువంటిది. దక్షిణాఫ్రికాలో చారల యెలుకలను చాల యేండ్లు పరిశీలించినవారు కనుగొన్నది కూడ దీనికి సరిపోవుచున్నది. అచ్చట పొరుగు తావులన్నియు నిండియున్న సంవత్సరములలో ఎదిగిన పిల్లలు కూడ తల్లిదండ్రులతో నొకే గూటిలో ఉమ్మడి కాపురముండును. చుట్టు కాళీలు ఏర్పడినపుడు వేరు కాపురము పెట్టును. ఒకే జంతువు, ఒకే నేల. పొరుగు మారిన కాపురము మారినది.

మన దేశపు నిదర్శనము కూడ నొకటి కలదు. చేని గట్టున చిన్న పందికొక్కు సాధారణముగా కలుగునకు నొక పెద్దది చొప్పున, లేదా పిల్లలతో తల్లి చొప్పున నుండును. అదే జంతువును 1960 దశకమున కలకత్తాలోని ధాన్యపు గోదాములలో పరిశీలించినపుడు, అవి యిరుకుగా, గుంపులు గుంపులుగా కాపురమున్నవి. మూటల నడుమ తిండి యెల్లప్పుడు చేతికందుచుండుటచే, ఒంటరితనము కంటె గుంపు వానికి లాభమైనది. సంఘ గోదాము గల గ్రామములవారు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెనని మా కోరిక. గోదాము గోడకు బయట కనబడు నాలుగు కలుగులను చూచి లోపల నాలుగే ఎలుకలున్నవని లెక్కింపరాదు.

ఇక మన చేలకు వత్తము. ఈ సీమలో వర్షము సంవత్సరమునకు అయిదువందల మిల్లీమీటర్లకు కొంచెము అటునిటు. పెన్న, జయమంగళి, చిత్రావతి నదులు వానకాలమున పారినను వేసవిలో ఇసుకయే. వేసవిలో చేలు బోడిగా నుండును. పచ్చదనము చెరువు క్రిందను, బావుల చుట్టును, మల్బరీ తోటలలోను మాత్రమే నిలుచును. ఎలుకలును అచ్చటికే కుదించుకొని యుండును. చైత్ర వైశాఖములలో వాని సంఖ్య తక్కువ; ఉన్నవి కూడ కొద్ది తావులలో మాత్రమే. వానలు పడి మృగశిర, ఆరుద్ర కార్తెలలో విత్తనము పడగానే తిండి చేనంతట పరచుకొనును. తల్లులు కనుట మొదలిడును. ఆ పిల్లలు పాలు మాని త్రోవ వెదకుకాలమునకు సరిగా మన వేరుశనగ ఊడలు దిగి కాయ కట్టుచుండును. పిల్లకు తిండియు దొరకును, నేలయు మెత్తగా నుండును, ఖాళీ కలుగు దొరకినచో వేరు కాపురమునకు మంచి ముహూర్తమగును.

ఒక ఉదాహరణము చెప్పుదము. ఒక గట్ల వరుసలో పండ్రెండుగురు రైతుల చేలున్నవనుకొనుడు. నడుమనున్న రైతు శ్రద్ధగలవాడు. భాద్రపదములో తన గట్లన్నిటికిని మందు పెట్టి ఎలుకలను చంపినాడు. పదునొకండుగురు పెట్టలేదు. పొరుగు గట్లలో పెద్దల కాటుకు భయపడి తల్లుల చెంత నణగియున్న పిల్లలు పదులకొలదిగా కలవు. నిన్నటివరకు ఈ రైతు గట్టున నున్న పెద్ద యెలుకలే ఆ పిల్లలకు కంచె. అతడు వానిని చంపి, కంచెను తానే విప్పినాడు. త్రవ్విన కలుగు, తయారైన చేను, కరచువాడు లేడు. కొద్ది వారములలో పడుచువి వచ్చి చేరును. అవి వయసులో నున్నవి గావున వెంటనే కనుట మొదలిడును. క్రిక్కిరిసిన గట్లలోకంటె వాని పిల్లలు బాగుగా బ్రతుకును. కావున ఒంటరిగా ఖర్చుపెట్టిన ఈ రైతు తన సొమ్ముతో పదునొకండుగురి గట్లలోని యొత్తిడిని తగ్గించినవాడగును. అతడు మూర్ఖుడు కాడు. పాపము, ఆ పండ్రెండుగురిలో పని చేసినవాడు అతడొక్కడే.

అదే పండ్రెండుగురు ఒకే వారములో, ఒకే మందుతో పనిచేసిన యెడల సంగతి వేరు. ఖాళీ యేర్పడును గాని దానిని నింపుటకు చుట్టుపట్ల పిల్లలుండవు. వరుస కొనలనుండి మాత్రమే క్రొత్తవి రావలెను. పడుచు ఎలుక కొన్ని గట్లు దాటిపోగలదు గాని, ఒక్కపెట్టున ఊరి పొలమంతయు దాటి నడుమకు వచ్చుట అరుదు. చేయు విస్తీర్ణము పెరిగినకొలది నడుమ నున్న చేలు అంచులకు దూరమగును. ఒకరి యెకరము కంటె ఊరంతటి యెకరములకు రక్షణ యెకరమునకే హెచ్చగును. ఎరువు, విత్తనము విషయములో నిట్లుండదు. నా చేనికి నేను వేసిన ఎరువు నాకే లాభము. ఎలుకల విషయములో మాత్రము పొరుగువాని గట్టు నా చేనిలో భాగమే.

ఇందులో మన గ్రామములకు విశేషమైన చిక్కులు రెండు కలవు. మొదటిది, ఊరిలో లేనివారి భూములు. వానలు తప్పిన సంవత్సరములలో మనవారు ఎందరో బెంగుళూరునకు కూలికి పోవుచున్నారు. వారి చేలు బీడుపడి, గట్లమీద కంప పెరిగి, ఎలుకలకు పుట్టిల్లగుచున్నవి. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. కడుపు పట్టుకొని పోయినవారు గట్లు చూచుకొనలేదని తప్పు పట్టుట అన్యాయము. కాని వారి గట్లకు మందు పెట్టు ఖర్చు సంఘము భరించుట, చుట్టునున్న సభ్యులకే లాభకరమని పై లెక్కవలన తేలుచున్నది. రెండవది, ఎవరివియు కాని తావులు: చెరువుకట్టలు, వంకల దరులు, పోరంబోకులు, రోడ్ల కిరువైపుల గట్లు, గుట్టల పాదములు. పెనుకొండ చుట్టుపట్ల రాతిబోడులు చేలలోనికి చొచ్చియుండుటచే ఈ చిక్కు మరింత హెచ్చు. ఈ తావులను విడిచి చేలకు మాత్రము మందు పెట్టుట, కుండకు క్రింద చిల్లి యుంచి పైనుండి నీరు పోయుట.

పని చేయు క్రమమును గూర్చి కొంచెము చెప్పవలెను. మొదట సాయంకాలమున గట్లమీది కలుగులన్నిటిని మన్నుతో మూయవలెను. మరునాటి ఉదయమున తెరచుకొన్నవే బ్రతికియున్న కలుగులు, మందు వానికే. దీనివలన సగము మందు మిగులుట కలదు. బ్రోమోడయొలోను అను మందును వాడునపుడు నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు కలిపి, 10 మొదలు 15 గ్రాముల కాగితపు పొట్లములు కట్టి, కలుగు లోపలికి త్రోయవలెను. ఈ మందు కొన్ని దినములకు గాని పనిచేయదు. అందుచేతనే తోటియెలుకలు అనుమానింపవు. జింకు ఫాస్ఫైడు తక్షణమే చంపును గాని, తిని బ్రతికిన ఎలుక మరల దానిని ముట్టదు. కావున ముందు రెండు దినములు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేసి, ఆ పిమ్మటనే విషము పెట్టవలెను. ఏ మందైనను మండల వ్యవసాయాధికారిని అడిగి వాడుడు. వట్టి చేతులతో కలుపరాదు. గట్టుమీద పైపైన చల్లరాదు. కోళ్లు, కుక్కలు, గొఱ్ఱెలు, పసిబిడ్డలు గల ఊళ్లు మనవి. చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టవలెను. వానిని తినిన గుడ్లగూబ చచ్చిన యెడల మన కూలి లేని కావలివానిని మనమే చంపుకొన్న వారమగుదుము.

గట్లను సన్నముగా, పొట్టిగా నుంచిన ఎలుకలకు తావు తగ్గునని గ్రంథములలో వ్రాసియున్నది. వరిమడుల విషయమున నిది సరియే. మన యెఱ్ఱనేలల మెట్టలలో గట్టు వాననీటిని ఆపును, మన్ను కొట్టుకొనిపోకుండ కాచును. ఎలుకకు భయపడి గట్టు నరకుకొనుట మా కిష్టము లేదు. గట్టుమీది కంపను కొట్టి శుభ్రముగా నుంచిన చాలును.

కాలమునకు వచ్చిన యెడల, విత్తనమునకు ముందు, అనగా వేసవి చివర వైశాఖ జ్యేష్ఠములలో చేయు పనికి సాటి లేదు. అప్పుడు ఎలుకలు తక్కువ, తావులు తక్కువ, తిండి లేనందున నూకలకు ఆశపడును, పిల్లల తండములింకను పుట్టియుండవు. ఒక తల్లిని అప్పుడు చంపుట, ఆశ్వయుజమున దాని బిడ్డలను, బిడ్డల బిడ్డలను వెదకి చంపుటకంటె చౌక. రెండవ విడత అవసరమైన యెడల విత్తిన నెల నెలన్నర లోపల, పిల్లలు తల్లి కలుగు విడువక ముందే కావలెను. కాయ ముదిరిన పిమ్మట చేయునది ఓదార్పు మాత్రమే. చేని నిండ కాయలుండగా ఎలుక నూకల వంక చూడదు.

ఈ వేసవిలో ఏయే గ్రామములవారు ఉమ్మడిగా పని చేయుటకు సిద్ధపడుదురో, వారు గట్ల వరుసను, దానిలోని సర్వే నంబరులను, ఊరిలో లేని భూస్వాముల చేలను ప్రత్యేకముగా గుర్తించి సంఘ కార్యాలయమునకు వ్రాయుడు. మందునకు ముందు మూసిన కలుగులెన్ని, మరునాడు తెరచుకొన్నవెన్ని, మందు పెట్టిన పదునైదు దినములకు మరల మూసి చూడగా తెరచుకొన్నవెన్ని, నెలకు ఎన్ని అను నాలుగంకెలు మాకు కావలెను. అంచు గట్ల లెక్క వేరుగా, నడిమి గట్ల లెక్క వేరుగా పంపినచో మరియు మంచిది. వచ్చిన యంకెలను గ్రామములవారీగా పట్టిక చేసి, బాగుగా జరిగినవానిని, జరుగనివానిని కూడ దాచక, ఆషాఢమాసపు సంచికలో ప్రకటింతుము.